పోలీసు కట్టలో చుట్టాలు

‘‘ముందు దేవుడి మాట రాయి నాయనా, మిగతావి తర్వాత.’’

రాసేవాడు కలం సిరాలో ముంచి, యేసుక్రీస్తుకు స్తుతి కలుగుగాక అని మొదలుపెట్టాడు. చెప్పేవాడు టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అతనికి అక్షరం ముక్క రాదు. అది 1891. దక్షిణ బ్రెజిల్‌లోని పరానా రాష్ట్రం. ఇగువాసు నది ఒడ్డున అడవి నరికి వేసిన పాకల వరస. బయట వాన. జనవరిలో ఈ ఉక్కపోత ఏమిటో ఆ మనిషికి ఇంకా అంతుపట్టలేదు. అతని ఊళ్లో జనవరి అంటే గడపదాకా మంచు.

‘‘ఇక్కడ భూమి ఉందని రాయి. ఇంటికి అరవై ఎకరాలు ఇస్తారని రాయి.’’

‘‘ఇంకా కొలిచి ఇవ్వలేదుగా?’’

‘‘ఇవ్వలేదు. ఆ మాట వద్దులే. ఇస్తారని రాయి. దొర లేడని రాయి. అడవిలో కట్టె కొట్టుకుంటే అడిగే నాథుడు లేడని రాయి. తమ్ముణ్ని రమ్మను. గొడ్డలి, దుప్పట్లు, ఈకల పరుపు తెచ్చుకోమను. అమ్మవారి పటం మరిచిపోవద్దను.’’

కలం కాసేపు గీకింది. తర్వాత ఆగింది.

‘‘మరి... చిన్నది పోయిన సంగతి?’’

జవాబు రాలేదు. పాకలో మూలన కూర్చున్న ఆ మనిషి భార్య అటు తిరిగి కూర్చుంది.

‘‘అది చివర్లో రాద్దాం’’ అన్నాడతను.

ఉత్తరం మడిచి కవరులో పెట్టారు. పైన చిరునామా: రష్యా సామ్రాజ్యం, ప్వోట్స్క్ గుబెర్నియా, రిపిన్ జిల్లా, ఫలానా ఊరు. ఇగువాసు నదిలో ఆవిరి పడవ, ఆపైన కురిచీబా దాకా బండి, అక్కణ్నుంచి పరానగువా రేవుకు అప్పటికి ఆరేళ్ల కిందటే వేసిన రైలు మార్గం, ఓడ, మహాసముద్రం, జర్మనీ, మళ్లీ రైలు. ఇంత దూరం చెక్కు చెదరకుండా వెళ్లిన ఆ ఉత్తరం వార్సా నగరంలో ఆగిపోయింది. సెన్సారు అధికారులు దాన్ని తెరిచారు, చదివారు, కట్టలో కట్టి బీరువాలో పడేశారు.

ఈ గాథలోని మనుషులకు పేర్లు పెట్టలేదు. ఆ పాక, ఆ సంభాషణ ఒక్క కుటుంబానివి కావు. అలా ఆగిపోయిన ఉత్తరాల్లో కనిపించే కష్టసుఖాలను, ఆ రోజుల్లో ఆ అడవికి చేరినవాళ్ల బతుకుల్ని కలిపి కట్టిన దృశ్యాలివి. ఉత్తరాలు మాత్రం నిజం. వాటిని ఆపినవాళ్లూ నిజం. 1890, 1891 సంవత్సరాల్లో బ్రెజిల్ నుంచీ అమెరికా నుంచీ వలస కూలీలు, రైతులు సొంతూళ్లకు రాసుకున్న ఉత్తరాలను రష్యా చక్రవర్తి అధికారులు వార్సాలో పట్టుకున్నారు. ఇంట్లోవాళ్లకు ఇవ్వలేదు. రాసినవాళ్లకు తిప్పి పంపలేదు. దాచిపెట్టారు.

* * *

ఆ రోజుల్లో పోలండ్ అనే దేశం పటంలో లేదు. 1795 నాటికే రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా ముగ్గురూ కలిసి దాన్ని పంచేసుకున్నారు. మళ్లీ 1918లో గానీ అది పటం మీదికి రాలేదు. రిపిన్ ప్రాంతం రష్యా వాటాలో పడింది. 1864లో అక్కడి రైతులకు వెట్టి నుంచి విముక్తి అయితే వచ్చింది కానీ, భూమి అందరికీ రాలేదు. వచ్చినవాళ్లకూ కొడుకుల మధ్య పంపకాలయ్యేసరికి మడి మిగిలితే గొప్ప. భూమి లేని కూలీకి దొర కొలువే గతి.

సరిగ్గా అప్పుడే అట్లాంటిక్‌కు అవతల బ్రెజిల్‌లో మనుషుల కరువు వచ్చింది. 1888లో అక్కడ బానిసత్వం రద్దయింది. 1889 నవంబరులో రాజరికం పోయి రిపబ్లిక్ వచ్చింది. కొత్త సర్కారు ఐరోపా రైతులకు ఓడ ఖర్చు తనే పెట్టుకుని రప్పించుకుంది. దక్షిణాది అడవుల్లో భూమి చూపించింది. ఏజెంట్లు ఊరూరా తిరిగారు. ఇంక చూడండి, పోలండ్ పల్లెలకు జ్వరం పట్టుకుంది. ‘బ్రెజిల్ జ్వరం’ అనే పేరే చరిత్రలో మిగిలిపోయింది. పదుల వేల మంది కదిలారు.

ఆ జ్వరంలో పుట్టిన కథ ఒకటి ఉంది. పరానా దేశం ఇన్నాళ్లూ దట్టమైన మంచుతెర వెనక దాగి ఉందట. ఎవరికీ కనబడలేదట. పోలండ్ రైతుల అగచాట్లు చూడలేక మరియమ్మ తల్లి ఆ తెర తొలగించిందట. చదువుకున్నవాళ్లు నవ్వారు. నవ్వడం తేలిక. సెంటు భూమి లేనివాడికి ఎకరాల మాట చెబితే మరియమ్మ కాక ఇంకెవరు గుర్తొస్తారు?

పోవాలంటే సరిహద్దు దాటాలి. పాస్‌పోర్టు దొరకదు. రష్యా చట్టం ప్రకారం శాశ్వతంగా దేశం విడిచి పోవడమే నేరం. రిపిన్ వైపు వాళ్లకు సరిహద్దు అంటే ద్ర్వెంత్సా నది. ఇటు ఒడ్డున దోబ్జిన్, రష్యాది. అటు ఒడ్డున గోలుబ్, ప్రష్యాది. (ఇవాళ రెండూ కలిసి ఒకటే ఊరు, గోలుబ్-దోబ్జిన్.) రాత్రిపూట, దారి తెలిసినవాడికి డబ్బిచ్చి, పిల్లల నోళ్లు మూసి, కాపలావాడి తుపాకీకి అందకుండా ఆ నది దాటాలి. ఆపైన తొరూన్, బెర్లిన్ మీదుగా బ్రేమెన్ రేవుకు రైలు. అక్కడ ఓడ. రియో నగరం ఎదుట ఖాతంలో ఫ్లోరెస్ దీవి. పేరుకు పూలదీవి. వలసవాళ్లను దించి ఉంచే సత్రం అక్కడుండేది. పచ్చజ్వరం కాలంలో చిన్నపిల్లలతో అక్కడికి చేరిన తల్లుల గతి ఏమిటో ఊహించుకోవచ్చు. ఈ వలసను కళ్లారా చూసి రావడానికి వార్సా పత్రిక ఒకటి అదోల్ఫ్ దిగాసిన్‌స్కి అనే రచయితను పంపింది. జిగ్మున్త్ హెల్మిత్‌స్కి అనే మతగురువు కూడా వెళ్లాడు. ఇద్దరూ తెచ్చిన కబురు ఒకటే: పాకల్లో జనం రాలిపోతున్నారు.

* * *

ఇప్పుడు రిపిన్ దగ్గరి ఆ ఊరికి వద్దాం. ఇంట్లో ముసలి తల్లి ఉంది. పెద్దకొడుకు భార్యాబిడ్డలతో బ్రెజిల్ పోయాడు. రెండోవాడు ఒంటరిగా అమెరికా వెళ్లి పెన్సిల్వేనియాలో బొగ్గు గనిలో దిగాడు. అతని పెళ్లాం, ఇద్దరు పిల్లలు ఇక్కడే ముసలమ్మ దగ్గర. మూడోవాడు దొర పొలంలో కూలికి పోతాడు. బ్రెజిల్ అన్న రమ్మంటాడా, అమెరికా అన్న రమ్మంటాడా అని ఎదురుచూస్తున్నాడు.

‘‘ఏమైనా వచ్చిందా అమ్మాయ్?’’

‘‘లేదత్తా. గ్మీనా పంచాయతీ ఆఫీసులో అడిగాను. రష్యా గుమాస్తా మొహం కూడా ఎత్తలేదు.’’

‘‘పోయి పది నెలలు కాలేదూ?’’

‘‘పదకొండు.’’

ముసలమ్మ పొయ్యిలో కట్టె ఎగదోసింది. పక్కింటామె నిన్న ఏమందో ఇద్దరికీ తెలుసు. అమెరికా పోయిన మగాళ్లు అక్కడ ఇంకోదాన్ని కట్టుకుంటారని. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోయినా అది ఆ ఇంట్లోనే, బల్ల మీద, రొట్టె పక్కనే ఉంది.

అవతల గని ఊళ్లో ఆ మగాడి పరిస్థితీ అంతే. నాలుగు ఉత్తరాలు రాయించాడు. జవాబు లేదు. ‘నామీద కోపమా, నన్ను మరిచిపోయారా, పిల్లలు బతికే ఉన్నారా’ అని అయిదోది రాయించాడు. జవాబు రాలేదన్న గోడు ఆ కట్టలోని ఉత్తరాల్లో మళ్లీ మళ్లీ వినబడుతుంది. తన పాత ఉత్తరాలు ఎక్కడున్నాయో తెలియక గోడు చెప్పుకున్న ఉత్తరం, ఆ పాత ఉత్తరాలున్న బీరువాకే చేరడం! ఏ నాటక రచయితా ఇంత నిర్దయగా రాయలేడు.

ఆ ఉత్తరాల్లో కొన్నింట ‘షిఫ్‌కార్తా’ ఉండేది. ముందే డబ్బు కట్టేసిన ఓడ టికెట్టు. గనిలో నెలల తరబడి చమటోడ్చి, కూడబెట్టి, పెళ్లానికీ పిల్లలకూ కొన్నది. దానితోపాటు జాగ్రత్తలు. ఎవరితో సరిహద్దు దాటాలి, ఎవర్ని నమ్మకూడదు, దారిలో తినడానికి ఎండబెట్టిన రొట్టె తెచ్చుకో, ఈకల పరుపు అమ్మేయకు, ఇక్కడ అలాంటిది దొరకదు, దిగాక ఫలానా మనిషి పేరు చెప్పు. ఎక్కడ మారాలో, ఎవరిని అడగాలో ఒక్కొక్కటీ విడమరిచి చెప్పారు, అడుగు బయట పెట్టి ఎరగని ఆడమనిషికి సముద్రం దాటించే దారి కాబట్టి.

సెన్సారు అధికారి దృష్టిలో అదే నేరం. ఒక్క ఉత్తరం ఊళ్లోకి వచ్చిందంటే అది ఒక్కరు చదివేది కాదు. ఆదివారం పూజ అయ్యాక చదువొచ్చినవాడి చుట్టూ ఊరు మూగుతుంది. ఏజెంటు మాట నమ్మనివాడు కూడా సొంత బావమరిది మాట నమ్ముతాడు. పల్లెలు ఖాళీ అయితే దొరల పొలాల్లో కూలీలెవరు, సైన్యంలోకి కుర్రాళ్లెవరు? ఏజెంట్లను జైల్లో పెట్టొచ్చు. బావమరిదిని ఎలా పెడతారు? అందుకని బావమరిది మాటనే పట్టుకున్నారు.

ఇక్కడొక మెలిక గమనించాలి. ఇవి పోలీసులు ఏరిన ఉత్తరాలు. వలసపోవాలన్న ఆశ రేపే ఉత్తరాలంటే వాళ్లకు ఎక్కువ భయం. కాబట్టి ఈ కట్ట చదివి అమెరికాలో అందరూ రోజూ మాంసం తిన్నారని, తెల్ల గోధుమ రొట్టె తిన్నారని అనుకోకూడదు. పైగా రాసేవాడు కూడా అన్నీ రాయడు కదా. చిన్నది పోయిన సంగతి చివర్లోనే వస్తుంది. వస్తే.

* * *

ఆ ఇంటి మూడు కొమ్మలూ చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారనుకుందాం. నూట ముప్ఫై ఏళ్లు గడిచాయి. బ్రెజిల్ కొమ్మకు పుట్టిన నాలుగో తరం అమ్మాయి కురిచీబాలో కూర్చుని, మా ముత్తాత ఏ ఊరివాడు అని వెతకడం మొదలుపెట్టింది. అమెరికా కొమ్మవాడు పెన్సిల్వేనియాలో అదే పని చేస్తున్నాడు. ఇద్దరికీ ఒకరి గురించి ఒకరికి తెలియదు. ఏం దొరుకుతుంది?

మిగతా ఏ సంవత్సరాలైనా కాస్త నయం. 1890, 1891 మాత్రం కాగితాలకు పీడ పట్టిన కాలం. బ్రేమెన్ రేవులో ఓడెక్కిన ప్రతి మనిషి పేరూ జాబితాలో రాశారు. కానీ చోటు చాలడం లేదని మూడేళ్లు దాటిన జాబితాలను నాశనం చేసే పద్ధతి అక్కడ దశాబ్దాల పాటు నడిచింది. పక్కనే ఉన్న హాంబుర్గ్ రేవు వాళ్లు 1850 నుంచీ జాగ్రత్తగా దాచుకున్నారు. మన రైతు హాంబుర్గ్‌లో ఓడెక్కి ఉంటే అతని మునిమనవడి పని సగం అయిపోయేది. ఎక్కింది బ్రేమెన్‌లో.

పోనీ దిగిన చోట? న్యూయార్క్‌లో వలసవాళ్లను దించే కాజిల్ గార్డెన్ 1890 ఏప్రిల్‌లో మూతపడింది. ఎల్లిస్ దీవి 1892 జనవరి 1న తెరుచుకుంది. మధ్యకాలంలో బార్జ్ ఆఫీసు అనే తాత్కాలిక ఏర్పాటు. అప్పటి ఓడ జాబితాలు ఉన్నాయి గానీ వాటిలో పేరు, వయసు, వృత్తి, దేశం లాంటి వివరాలతో సరిపెట్టారు. ఎవరి దగ్గరికి వెళ్తున్నావు అన్న ప్రశ్న జాబితాలోకి ఎక్కింది 1893లో. దేశం గడిలో మన రైతుకు ‘రష్యా’ అని పడింది. రష్యాలో ఎక్కడ?

అమెరికాలో దిగాక జనాభా లెక్కల్లో కనబడాలి కదా. 1890 జనాభా లెక్కల కాగితాలు 1921 జనవరిలో వాషింగ్టన్‌లోని వాణిజ్య శాఖ భవనంలో అగ్నిప్రమాదంలో చిక్కుకున్నాయి. కొంత కాలింది, అంతకన్నా ఎక్కువ భాగం పొగకూ నీళ్లకూ పాడైంది. తర్వాత కొన్నేళ్లకు సర్కారే మిగతాదీ తీసి పారేసింది.

అన్నట్టు, పోలిష్ సంతతి ఇళ్లలో ఒక కథ తరతరాలుగా వినిపిస్తుంది. ‘ఎల్లిస్ దీవిలో గుమాస్తాకు నోరు తిరగక మా ఇంటిపేరు మార్చేశాడు’ అని. అది కట్టుకథే. గుమాస్తాలు ఓడవాళ్లు రాసి తెచ్చిన జాబితా చూసి పిలిచారే తప్ప పేర్లు పెట్టలేదు. పైగా 1891లో దిగినవాడికి ఎల్లిస్ దీవే లేదు. పేర్లు మారింది తర్వాత, బడిలో, గనిలో, జీతాల చిట్టాలో, కొన్నిసార్లు తమ ఇష్టంతోనే. వోయ్‌చెఖ్ ఆల్బర్ట్ అయ్యాడు. స్తనిస్వావ్ స్టాన్లీ అయ్యాడు. వ్వాదిస్వావ్ వాల్టర్ అయ్యాడు. బ్రెజిల్‌లో యాన్ జువావ్ అయ్యాడు. పోలండ్‌లో మగవాడు కొవాల్‌స్కి అయితే అతని కూతురు కొవాల్‌స్కా. కొత్త దేశాల్లో కూతుర్లూ ‘స్కి’లే అయిపోయారు. దానికి తోడు 1938 నుంచి బ్రెజిల్‌లో వర్గాస్ ప్రభుత్వం విదేశీ భాషల బడులు మూయించింది. పోలిష్ బడులూ పోయాయి. తాత మాట్లాడింది మనవడికి అర్థం కాని రోజు వచ్చింది. ఇంట్లో ఊరి పేరు మిగిలినా అది చెవికి వినబడినట్టు పోర్చుగీసు అక్షరాల్లో రాసుకున్న పేరు. పోలండ్‌లో దోంబ్రోవా అనే ఊళ్లే లెక్కలేనన్ని. ఏది మనది?

* * *

ఇప్పుడు ఆ పోలీసు కట్ట సంగతి చూద్దాం. చక్రవర్తి పోయాడు, సామ్రాజ్యం పోయింది, పోలండ్ మళ్లీ పుట్టింది. పాత సర్కారు కాగితాలు వార్సా దస్తావేజు భాండాగారంలో పడి ఉన్నాయి. రెండో ప్రపంచయుద్ధం వచ్చి నగరం జర్మన్ల చేతిలో ఉండగా, విటోల్ద్ కూలా అనే యువ చరిత్రకారుడు ఈ ఉత్తరాలు చూశాడు. తిండి లేదు, బయట అరెస్టులు, కాల్పులు. ఆ మధ్యలో ఒక మనిషి యాభై ఏళ్ల కిందటి కూలీవాళ్ల యోగక్షేమాలు చదువుతూ కూర్చున్నాడు.

1944లో వార్సా తిరగబడింది. అణచివేసిన జర్మన్లు నగరాన్ని వీధి తర్వాత వీధిగా తగలబెట్టారు. గ్రంథాలయాలు, దస్తావేజు భాండాగారాలు వదల్లేదు. శతాబ్దాల రాజపత్రాలతోపాటు ఈ ఉత్తరాల్లోనూ పెద్ద భాగం బూడిదైంది. దక్కినవి మూడు వందల పైచిలుకు.

వాటిని ఒక కుటుంబమే అచ్చుకు సిద్ధం చేసింది. తండ్రి విటోల్ద్ కూలా, ఆర్థిక చరిత్రకారుడు. తల్లి నీనా అస్సోరోదోబ్రాయ్-కూలా, సమాజశాస్త్రవేత్త. కొడుకు మార్చిన్ కూలా, లాటిన్ అమెరికా చరిత్ర చదివినవాడు. 1973లో ‘బ్రెజిల్, అమెరికాల నుంచి వలసవాసుల ఉత్తరాలు 1890–1891’ పేరుతో పుస్తకం వచ్చింది. రాసినవాళ్ల అక్షర దోషాలను కూడా గౌరవించాల్సిన పుస్తకం అది. పక్కవాడితో రాయించుకున్నవి, మొదటిసారి కలం పట్టి తామే రాసుకున్నవి. మన పెద్దలు ఉభయకుశలోపరి అని మొదలెట్టినట్టు అందరూ స్తోత్రంతోనే మొదలెడతారు. ఆ స్తోత్రానికి అవతలివాళ్లు ఆమెన్ అనాలి. అనాల్సినవాళ్లకు అది చేరనే లేదు.

ఆ కట్టలో యూదుల ఉత్తరాలూ ఉన్నాయి. రిపిన్‌లో, చుట్టుపక్కల చిన్న పట్టణాల్లో దర్జీలు, చిల్లర వర్తకులు, వాళ్ల కుర్రాళ్లు. వాళ్లూ అమ్మానాన్నలకూ భార్యలకూ అక్కచెల్లెళ్లకూ రాశారు, రమ్మని. రిపిన్ యూదు సమాజాన్ని నాజీలు యాభై ఏళ్ల తర్వాత తుడిచిపెట్టారు. ఏ షిఫ్‌కార్తా ఏ ఇంటికి చేరి ఉంటే ఏ వంశం నిలిచేదో లెక్క కట్టడం ఎవరి తరమూ కాదు. కానీ ఆ ప్రశ్న వేసుకోకుండా ఆ ఉత్తరాలు చదవడం కూడా కుదరదు.

* * *

వంశం వెతికేవాళ్లకు ఈ కట్ట ఎందుకు బంగారమో చెప్పాలి. ఓడ జాబితాలో మనిషి ఉంటాడు, ఊరు ఉండదు. చర్చి రిజిస్టరులో ఊరు ఉంటుంది, మనిషి ఎక్కడికి పోయాడో ఉండదు. ఉత్తరంలో రెండూ ఉంటాయి. ఇక్కణ్నుంచి రాస్తున్నాను, అక్కడికి చేరాలి. మధ్యలో బంధువుల పట్టిక: మామకు దండాలు, పిన్నికి దండాలు, ఫలానా పెళ్లయిందా, ఫలానావాడు నా పక్క పాకలోనే ఉన్నాడు. ఒక్క కాగితంతో మూడు కొమ్మలు అతుక్కుంటాయి.

అయితే దక్కినవి కొన్ని వందలే. మిగతా వేల కుటుంబాలు చర్చి రిజిస్టర్ల దారిలోనే నడవాలి. ఆ దారిలో తలనొప్పులు ఎన్నో, ఆనందమూ అంతే. నెపోలియన్ కాలంలో, 1808లో, ఆ ప్రాంతంలో జనన మరణ వివాహాలను చట్టం ప్రకారం రాసే పద్ధతి వచ్చింది. గడుల్లో కాదు, వాక్యాల్లో. ‘ఫలానా ఊళ్లో ఫలానా రోజు పొద్దున పది గంటలకు ఇలా జరిగింది...’ అంటూ ఒక్కో పుట్టుక ఒక్కో కథలా ఉంటుంది. బిడ్డ తండ్రి వయసెంత, కూలీనా రైతా, తల్లి పుట్టింటి పేరేమిటి, సాక్షులెవరు, జ్ఞాన తల్లిదండ్రులెవరు, సంతకం చేయడం వచ్చా రాదా, అన్నీ. 1868 నుంచి రష్యన్‌లో రాయాలని హుకుం వచ్చింది. కాబట్టి మునిమనవరాలు పోలిష్ నేర్చుకుంటే చాలదు, రష్యన్ చేతిరాత కూడా కూడబలుక్కోవాలి. తేదీలు రెండేసి ఉంటాయి. పాత రష్యా పంచాంగానికీ మిగతా ఐరోపాకూ ఆ శతాబ్దంలో పన్నెండు రోజుల తేడా. తెలియనివాళ్లు ముత్తాత రెండుసార్లు పుట్టాడనుకుంటారు.

రిజిస్టరు రెండు ప్రతులు రాసేవారు. ఒకటి చర్చిలో, ఒకటి సర్కారుకు. ఒక చోట యుద్ధం కాల్చేసినా ఇంకో చోట మిగిలిన ఊళ్లు ఉన్నాయి. పోలండ్ వంశవృక్ష సంఘం ఆధ్వర్యంలో స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు ఏళ్ల తరబడి కూర్చుని ఈ రిజిస్టర్లలోని పేర్లను ‘గెనెతెకా’ అనే ఉచిత సూచికలోకి ఎక్కించారు. నమోదులు కోట్లలో ఉన్నాయి. జీతం లేదు, పేరు లేదు. పరాయి జనం ముత్తాతల కోసం కళ్లు పోగొట్టుకున్న ఆ మనుషులకు దండం పెట్టాలి.

అనుభవమున్న వెతుకులాటగాళ్లు ఒక కిటుకు చెబుతారు. నీ ముత్తాతనొక్కణ్నే పట్టుకు వేలాడకు. అతని అన్నదమ్ముల్ని వెతుకు, పెళ్లి సాక్షుల్ని వెతుకు, బిడ్డకు జ్ఞాన తండ్రిగా నిలబడినవాణ్ని వెతుకు. ఆ జ్వరంలో ఎవరూ ఒంటరిగా పోలేదు. ఊళ్లకు ఊళ్లు, చుట్టరికాలతో సహా పోయాయి. నీ ముత్తాత ఊరు నీకు తెలియకపోవచ్చు. పరానాలో అతని పక్క పొలంవాడి మనవడికి తెలిసి ఉండొచ్చు. అమెరికాలో అయితే 1873, 1880లలో పుట్టిన పోలిష్ సంఘాల బీమా కాగితాలు, చర్చి పుస్తకాలు అక్కరకొస్తాయి. ఎవరు చచ్చిపోతే ఎవరికి డబ్బు చెందాలో రాయించినప్పుడు మనిషి నిజం చెబుతాడు.

ఈ కథకు రెండో సగం కూడా ఉంది. 1918, 1920 మధ్య అమెరికాలో విలియం థామస్, ఫ్లోరియన్ జ్నానియెత్‌స్కి అనే ఇద్దరు పోలిష్ రైతు మీద అయిదు సంపుటాల గ్రంథం వేశారు. సమాజశాస్త్రం చదివే ప్రతివారికీ తెలిసిన పుస్తకం. దానికోసం చికాగో పోలిష్ పత్రికలో ప్రకటన ఇచ్చి, ఉత్తరానికి కొన్ని సెంట్ల చొప్పున కొన్నారు. అవి ఎక్కువగా పోలండ్ నుంచి అమెరికా వచ్చినవి. అమ్మలు కొడుకులకు, పెళ్లాలు మొగుళ్లకు రాసినవి. అంటే ఒక జాతి మాటామంతీలో వచ్చిన సగం చికాగోలో సెంట్లకు అమ్ముడుపోయింది, పంపిన సగంలో కొంత వార్సాలో జప్తు అయింది. ఇంటింటా భద్రంగా దాచుకున్న ఉత్తరాల్లో ఎన్ని పొయ్యిలోకి పోయాయో, ఎన్ని ఎలుకల పాలయ్యాయో చెప్పేవాళ్లు లేరు.

ఇల్లు ముక్కలు చేయడానికి పట్టుకున్న కాగితమే ఇవాళ ఇల్లు కలుపుతోందని ఆ సెన్సారు అధికారులకు మార్కులేయడానికి నాకు మనసొప్పదు. వాళ్లు దాచింది చరిత్ర కోసం కాదు. పదకొండు నెలలు గ్మీనా ఆఫీసు చుట్టూ తిరిగిన ఆడమనిషికి చరిత్రతో పనేముంది? ఆమెకు కావలసింది ఆ ఓడ టికెట్టు.

బ్రెజిల్ ఉత్తరాలు 1977లో పోర్చుగీసులోకి వచ్చాయి. రాసిన పరానా రాష్ట్రంలోనే, కురిచీబాలో అచ్చయ్యాయి. అమెరికా ఉత్తరాలతో కలిపి 1986లో ఇంగ్లిష్‌లో వచ్చాయి. తాతల భాష రాని మనవలు ఇప్పుడు చదువుకోవచ్చు.

మీ ఇంట్లో దూరదేశం పోయినవాళ్లు రాసిన పాత ఉత్తరాలుంటే, రంగూన్ నుంచి వచ్చినా, డర్బన్ నుంచి వచ్చినా, ఉత్తరంతోపాటు కవరు కూడా దాచండి. ఊరి పేరు, తపాలా ముద్ర, తేదీ ఉండేది దాని మీదే.